ముప్పై బట్టల బీరువా

మదనపల్లె వాళ్ళకి ఒక జబ్బుంది. ఏప్రిల్ నెలలో జాకెట్టు వీపుకి అంటుకుపోయి, ఫ్యాను కింద కూర్చున్నా ముక్కు మీద చెమట జారుతున్నా, "మా ఊళ్ళో ఎండలుండవండీ, కొండల పక్క కదా" అంటారు. నేనూ అంటాను. నా ఉద్యోగం పుంగనూరులో, ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా. రోజూ పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తాను. ఆఫీసులో అందరూ ఫ్యాను కింది కుర్చీ కోసం పోట్లాడుకుంటుంటే నేను మాత్రం, "ఏమోప్పా, మా ఊళ్ళో తెల్లారి దుప్పటి కప్పుకుంటిమి" అని చెప్పేదాన్ని. శుద్ధ అబద్ధం. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి మే నెలలో కూడా మోచేతుల దాకా జాకెట్టు, దానిమీద సింథటిక్ చీర, చీరకి నాలుగు పిన్నులు. బస్సు పుంగనూరు చేరేసరికి నేను ఇడ్లీ పాత్రలోంచి దిగినట్టు దిగేదాన్ని.

కాబట్టి నాకు ఎండాకాలం బట్టల గురించి ఎవరో ఒకరు పాఠం చెప్పాల్సిందే. చెప్పడానికి మా చెల్లెలి కూతురు వచ్చింది.

మా చెల్లెలిది కుప్పం. దాని కూతురికి బెంగళూరులో ఉద్యోగం. ఆన్‌లైన్‌లో బట్టలమ్మే కంపెనీలో, ఫొటోల కింద రెండు ముక్కలు రాయడం ఆ పిల్ల పని. 'గాలి లాంటి తేలిక, మీలాంటి మీ కోసం' అని రాస్తుందట. దానికి జీతం ఇస్తారట. ఆ ఎండాకాలం ఇంటినుంచే పని చేసుకోమన్నారు. కుప్పంలో చూస్తే వాళ్ళన్న ప్రధానం దగ్గర పడి ఇంటికి సున్నాలు కొడుతున్నారు. ప్రధానం అంటే మా క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికి ముందు ఉంగరాలు మార్చుకునే వేడుక. ఆ సున్నం వాసన పడక పిల్ల ల్యాప్‌టాప్ తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. చేతిలో సంచీ చూస్తే కూరగాయల సంచీ అంత ఉంది.

"నెల దినాలకి ఇవేనా గుడ్డలు?" అన్నాను.

"ఏడు పీసులు పెద్దమ్మా. ఏడింటితో ఇరవై ఒక్క లుక్స్ వస్తాయి."

మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న మా అమ్మ తలెత్తింది. "ఏడు గుడ్డలతో ఇరవై ఒగ దినమా? నడాన ఉతికేది ఉండాదా లేదా పాపా?"

మా అమ్మ మాతోనే ఉంటుంది. కురబలకోట పక్క పల్లెలో శెనక్కాయలు పీకే కూలికి పోయి, తర్వాత మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి రిటైరయింది. ఆస్పత్రిలో అందరి మాటా విన్నందుకో ఏమో, ఇప్పుడు ఇంట్లో ఎవరి మాటా వినదు.

రెండో రోజే పిల్ల నా బీరువా తెరిచింది.

ఆ బీరువా గురించి ఉన్నమాట చెప్పాలి. కొందరు ఆఫీసు నుంచి రాగానే టీవీ పెట్టుకుంటారు. నేను గది తలుపు దగ్గరికి వేసి బీరువా తెరిచి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఏమీ చెయ్యను. చూస్తాను. ఒకటి తీసి మడత మార్చి మళ్ళీ పెడతాను. గుడ్ ఫ్రైడేకి కట్టిన తెల్లచీరలే పద్నాలుగు, ఎందుకంటే ప్రతి ఏడూ పాతది కాస్త పచ్చబడినట్టు కనిపిస్తుంది. క్వయిర్‌లో అందరం ఒకేలాంటివి కొనుక్కున్న ఈస్టరు చీరలు, స్త్రీల సమాజం వార్షికోత్సవానికి తీసుకున్న వంకాయరంగు చీరలు. ఆ వంకాయరంగులో నలభైమందిమి వరసగా నిలబడితే సంతలో గంపలు దించినట్టు ఉండింది. పెళ్ళిళ్ళలో పెట్టిన చీరలు, వాటిని మళ్ళీ ఎవరికి పెట్టాలో తెలియక దాచినవి. ఒక చుడీదారు పదిహేనేళ్ళుగా నేను సన్నబడటం కోసం ఎదురుచూస్తోంది.

"పెద్దమ్మా, ఇది వార్డ్‌రోబా, గోడౌనా?" అంది పిల్ల.

తర్వాత పాఠం మొదలైంది. మనిషికి ముప్పై బట్టలు చాలు. ఒక ఏడాది ముట్టనిది మనది కాదు. మూడు కుప్పలు వెయ్యాలి: ఉంచుకునేవి, ఇచ్చేసేవి, ఇల్లు తుడిచేవి. నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి ఒక్కొక్క చీరా మెడకింద పెట్టి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

"ఇది నిన్ను మింగేస్తాండాది పెద్దమ్మా. ఇచ్చెయ్. ఇది నీ అండర్‌టోన్‌కి రాదు. ఇచ్చెయ్."

"అండర్‌టోన్ అంటే ఏందే?"

"చర్మం కింద ఉండే రంగు."

"చర్మం కింద రకతం ఉంటాది," అంది మా అమ్మ. "ముప్పై ఏండ్లు సూసినా, అందరికీ ఒగటే రంగు."

పిల్ల లెక్క చెయ్యలేదు. ఈ ఎండాకాలం నడుస్తున్న రంగులు ఫోనులో చూపించింది. ఒకటి సేజ్ గ్రీన్, ఒకటి ఓట్‌మీల్, ఒకటి బటర్ ఎల్లో. వెన్న తెల్లగా కదా ఉంటుంది, పసుపు ఎట్లా అవుతుందని మా అమ్మకి సందేహం. సేజ్ గ్రీన్ చూసి, "ఎన్నిసార్లు ఉతికితే వస్తాదే ఈ రంగు?" అని అడిగింది. వెలిసిపోయినట్టుండటమే అందులో అందమని పిల్ల చెప్పింది. మా అమ్మ కాసేపు ఆలోచించి, "అట్లయితే కూలికి పోయే కాలంలో మేమంతా శానా అందంగా ఉంటిమి" అంది.

ఈ గొడవలో బాగుపడింది మా ఆయన ఒక్కడే. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. నాలుగు షర్టులు, అన్నీ బూడిదరంగువే. రెండు ప్యాంట్లు. పెళ్ళయినప్పటి నుంచీ దాని గురించి నా చేత తిట్లు తింటున్న మనిషి. పిల్ల ఆయన దండెం వంక చూసి, "పెదనాన్నది పర్ఫెక్ట్ క్యాప్సూల్ వార్డ్‌రోబ్!" అంది. నాలుగు గుడ్డలతోనే అన్ని రోజులూ గడిపేయడాన్ని అట్లా అంటారట. బట్టల విషయంలో పుట్టి బుద్ధెరిగాక ఒక్క మెచ్చుకోలు ఎరగని మనిషికి ఆ మాట తలకెక్కింది. ఆ వారమంతా ఆయన బూడిదరంగు షర్టు కాలరు సర్దుకుంటూ, నా బీరువా పక్కనుంచి జాలిగా చూస్తూ నడిచాడు.

మూడో రోజుకి బీరువాలో ముప్పై మిగిలాయి. తలుపు వేస్తే లోపల ఖాళీ డబ్బా కొట్టిన చప్పుడొచ్చింది. ఇల్లు తుడిచేవి పక్కన పెడితే మిగతావి ఐదు మూటలు. అప్పుడే మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు సండే స్కూలు గదికి పైకప్పు వేయించడానికి పాతబట్టల అమ్మకం పెట్టారు. మూటలు ఆటోలో వేసి పేరు చెప్పకుండా పంపించేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో బల్లల మీద నా జీవితమంతా పరిచి ఉంది. జనం దాన్ని అటూ ఇటూ తిరగేస్తున్నారు.

"ఎవురివో గానీ, మంచి టేస్టుండాది," అందొక ఆమె. నేను దగ్గరికి జరిగాను.

"టేస్టేముంది, ఒబ్బరే అంగడంతా కొనుక్కోని దాసిపెట్టినట్టుండాది. ఇంత ఆశ యాల?" అంది రెండో ఆమె. నేను దూరం జరిగాను.

అప్పుడు కనబడింది మెంతిరంగు పట్టుచీర. మొదటి జీతంతో నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీదనుంచి దించుతుంటేనే కొనుక్కున్నది. పిల్ల మెడకింద పెట్టి, "ఈ రంగులో నువ్వు కామెర్లొచ్చినట్టుంటావు పెద్దమ్మా" అంటే ఆ క్షణాన నిజమేననిపించి ఇచ్చేశాను. ఇప్పుడు దాని ఒక కొస క్వయిర్‌లో నా పక్కన నిలబడే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ చేతిలో ఉంది. నేను రెండో కొస పట్టుకున్నాను.

"నేను ముందు పట్టుకుంటిని," అంది ఆమె.

"టీచరమ్మా, ఏమనుకోవద్దు. మీ అండర్‌టోన్‌కి ఈ రంగు రాదు."

ఆమె చెయ్యి సడలింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, తనకి తెలియని మాట ఒకటి ఉందని నలుగురిలో ఒప్పుకోలేకపోయింది. "అవును, నాకూ అట్లే అనిపిచ్చింది," అని చీర వదిలేసింది. నా చీర నేనే కొనుక్కుని బయటికొస్తుంటే గుమ్మం దగ్గర అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య, నా చెయ్యి పట్టుకుని, "మంచిది కొన్యావమ్మా, ఇచ్చినోళ్ళకి దీని ఇలువ తెలిసినట్టు లేదు" అంది. దేవుని మందిరంలో ఇంతకన్నా గట్టి దెబ్బ నాకెప్పుడూ తగలలేదు.

ఇంట్లో చీరని మంచం పరుపు కింద దాచాను. సొంత ఇంట్లో, సొంత చీరని.

ఆ వారంలోనే పార్సిల్ వచ్చింది. పిల్ల నాకోసం తెప్పించిన సేజ్ గ్రీన్ లినెన్ కో-ఆర్డ్ సెట్. కో-ఆర్డ్ సెట్ అంటే పైనా కిందా ఒకే గుడ్డతో కుట్టిన చొక్కా, ప్యాంటు. వదులుగా, జేబులతో ఉంటుంది. వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఒంటికి గాలి తగిలింది. ఏళ్ళ తర్వాత నా చంకలకి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ సుఖాన్ని నేను కాదనలేను. కానీ ఐదు నిమిషాలు కూర్చుని లేస్తే గుడ్డంతా నలిగి, ఎవరో పిండి ఆరేయడం మరిచిపోయినట్టయింది.

"నలగడమే దాని క్యారెక్టర్ పెద్దమ్మా. ఇస్త్రీ చేస్తే దాని అందం పోతుంది."

"ఇది యాడనో సూసినానే," అని మా అమ్మ చాలాసేపు నన్నే చూసింది. ఎక్కడ చూసిందో అప్పుడు గుర్తు రాలేదు.

ప్రధానం రోజుకి మా ఆయన, పిల్ల ముందు రోజే కుప్పం వెళ్ళిపోయారు. నేను, మా అమ్మ పొద్దున్నే బస్సెక్కాం. బస్సులో ఎండకి లినెన్ సెట్టు వేసుకుని, అక్కడికి పోయాక మార్చుకోవడానికి మెంతిరంగు పట్టుచీర, జాకెట్టు, లంగా అన్నీ సంచీలో పెట్టుకున్నాను. ఆ బస్సు చిత్తూరుకి పోతుంది. పలమనేరులో దిగి కుప్పం బస్సు పట్టుకోవాలి. పలమనేరులో దిగాం, నీళ్ళు తాగాం, కుప్పం బస్సెక్కి సీట్లో సర్దుకున్నాం. బస్సు ఊరు దాటాక మా అమ్మని అడిగాను.

"సంచీ యాడుండాది?"

"నువ్వు ఎత్తుకుంటివనుకుంటి."

"నీ కాళ్ళ కాడ పెట్టింటి కదమ్మా!"

"నా కాళ్ళు నాతోనే దిగ్యాయి. సంచీ సంగతి నాకేం తెలుసు?"

మెంతిరంగు పట్టుచీర నన్ను రెండోసారి విడిచిపెట్టి చిత్తూరు దారి పట్టింది. చెల్లెలికి ఫోను చేశాను. చీర ఎన్నయినా ఇస్తానంది గానీ, జాకెట్టు సంగతి ఎట్లా? నా చెల్లెలు అగ్గిపుల్ల. దాని జాకెట్టు నా ఒక్క చేతికే సరిపోతుంది. కొనుక్కుందామంటే టైము లేదు. ప్రార్థన పదకొండింటికి. "అట్లే వచ్చేయ్ అక్కా, ఎవురు సూస్తారు?" అంది.

అందరూ చూశారు.

హాలు గుమ్మంలో పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళు పన్నీరు, కలకండ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్ళికూతురి నాన్న గ్రానైట్ కాంట్రాక్టరు. అందుకని ఇంటిల్లిపాదీ రాళ్ళంత బరువైన పట్టుచీరల్లో ఉన్నారు. పెళ్ళికూతురి తల్లి మా అమ్మకి పన్నీరు చల్లి, "రాండమ్మా, రాండి" అని రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. నలిగిన ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ ప్యాంటుతో, ముసలామె భుజం పట్టుకుని నిలబడి ఉన్న నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"సిస్టర్, అవ్వని ఆ ఫ్యాను కింద కూర్సోబెట్టండి. మీకి డ్రైవర్లతో పాటు ముందే అన్నం పెట్టిస్తాము."

ఆపరేషన్ థియేటర్! మా అమ్మకి గుర్తు రానిది నాకు అప్పుడు తట్టింది. థియేటర్లో సిస్టర్లు వేసుకునేది అచ్చం ఇదే రంగు, ఇదే కుట్టు. మా అమ్మ చెబుతుందని చూశాను. ఈమె నా కూతురు, పెండ్లికొడుకు పెద్దమ్మ, అని రెండు మాటలు. మా అమ్మ తాపీగా కలకండ నోట్లో వేసుకుని, "మంచి పిల్లేనమ్మా. కొత్తగా వచ్చింది. పని మెల్లిగా నేర్సుకుంటాండాది" అంది.

ఫ్యాను కింద కూర్చోబెట్టాక చెవిలో అడిగాను. "ఏందమ్మా ఇది?"

"గమ్మునుండే. సిస్టర్ని ఎంటబెట్టుకోని తిరిగే గొప్పదాన్నని నలుగురు అనుకుంటాండారు. నాకేం నష్టం?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ ముఖంలో ఎప్పుడూ లేని ఒక దర్జా ఉంది. ముప్పై ఏళ్ళు సిస్టర్లు పిలిస్తే బకెట్టు పట్టుకుని పరుగెత్తిన మనిషి, ఇప్పుడు ఒక సిస్టర్‌ని పక్కన నిలబెట్టుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. చెల్లెలు వచ్చి ఎట్లాగూ చెబుతుందిలే అని ఊరుకున్నాను. చెల్లెలేమో వంటల దగ్గర ఉంది. పిల్ల, మా ఆయన స్టేజీకి పూలు కడుతున్నారు.

అంతలోనే నా చుట్టూ ఒక చిన్న ఓపీ తయారైంది. ఒక పెద్దాయన వచ్చి, "సిస్టర్, షుగర్ మాత్ర అన్నానికి ముందరా, తర్వాతనా?" అన్నాడు. ఇంకొకామె స్కానింగు రిపోర్టు ఏకంగా పర్సులోంచి తీసింది. ప్రధానానికి స్కానింగు రిపోర్టు ఎందుకు తెచ్చుకుందో నాకిప్పటికీ తెలియదు. నాకు తెలిసింది ఒక్క ఆఫీసు భాషే. "అది నా పరిధిలోకి రాదు, సంబంధిత డాక్టరుగారిని సంప్రదించండి," అన్నాను. వాళ్ళు ఎంతో గౌరవంగా తల ఊపారు. సరిగ్గా ఇట్లా మాట్లాడే సిస్టర్‌నే వాళ్ళు నమ్ముతారట.

ప్రార్థన మొదలైంది. పాస్టరుగారు, అలంకారం ఒంటిమీద కాదు, మనసులో ఉండాలని ముప్పావు గంట చెప్పారు. పట్టుచీరలన్నీ భక్తిగా విన్నాయి. మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు మైకుకీ, లైట్లకీ సరిపోయింది గానీ ఫ్యాన్లకి రాలేదు. పైన రేకుల కప్పు. ముందు వరసలో పెళ్ళికూతురి అవ్వ, ఎనభై దాటిన మనిషి, మోచేతుల దాకా జాకెట్టు, నాలుగు వేళ్ళ మందం జరీ అంచు కంచిపట్టు, మెడలో మూడు వరసల గొలుసులతో కూర్చుని ఉంది. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది.

"సిస్టర్! సిస్టర్!" హాలంతా ఒక్కసారి నా వైపు తిరిగింది.

అంతవరకు వేళాకోళంగా ఉన్నది ఒక్కసారిగా వేళాకోళం కాకుండా పోయింది. నేను సిస్టర్‌ని కాదని నోరు తెరిచేలోపు మా అమ్మ లేచింది.

"దావ ఇడవండి! మీద పడొద్దు, గాలి రానీయండి! సిస్టరమ్మా, ఆ పక్కన రూములో చాప పరువు. పడుకోబెట్టు. కాళ్ళ కింద దిండ్లు పెట్టు, ఎత్తుగా. ఆ గొలుసులు తీసి వాళ్ళ కోడలి చేతికియ్యి. జాకెట్టు హుక్కులు తియ్యి. చీర ఇప్పెయ్యి, సిగ్గుపడేదానికి ఇది టైము కాదు!"

ఆమె చెప్పింది నేను చేశాను. తడిగుడ్డతో మెడ, చంకలు తుడిచాం. కంచిపట్టు విప్పి పక్కన పెడితే అది మనిషి లేకుండానే నిలబడింది. కాసేపటికి ముసలామె కళ్ళు తెరిచింది. లేపి కూర్చోబెట్టి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా తాగించాం. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, "ఏం తినుంటివమ్మా పొద్దున?" అని అడిగింది.

"ఏమీ లేదు. చీర కట్టేదానికే ముగ్గురు పట్టిరి, తినేదానికి యాడ టైము?"

ఎవరో ఆస్పత్రికి కారు తెచ్చి గుమ్మంలో పెట్టారు. పక్క వీధి డాక్టరొచ్చి చూసి, ఎండకి సోలిపోయింది, ఇప్పుడు బాగానే ఉంది, విశ్రాంతిగా ఉంచండి అన్నాడు. ఆమెకి ఎవరిదో పలచటి కాటన్ నైటీ తొడిగాం. ముసలామె నా చొక్కా చెయ్యి రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"ఇది ఏం గుడ్డ పాపా?"

"లినెన్ అవ్వా."

"జేబులు కూడా ఉండాయే! నాకి ఇట్లాంటివి రెండు కుట్టీయమని మా కోడలికి సెప్పు. నువ్వు సెప్తే ఇంటాది, నర్సువి కదా."

అప్పుడు కోడలు, అంటే పెళ్ళికూతురి తల్లి, అత్తకి మళ్ళీ చీర చుట్టబోయింది. "ఫొటోలుండాయి అత్తా, డ్రోను కూడా వచ్చిండాది." ముసలామె ససేమిరా అంది. "మళ్ళా పడిపోతే అదీ ఫొటో తీపిస్తావా?" అని అడిగింది. చివరికి ఆ నైటీ మీద ఒక టర్కీ తువ్వాలు కప్పుకుని స్టేజీ మీద కుర్చీలో కూర్చుంది. ఆ హాల్లో చెమట పట్టని మనుషులం ఇద్దరమే, ఆమె, నేను.

ఉంగరాలు మార్చుకునే వేళ మా చెల్లెలు గరిటె వదిలి పరుగెత్తుకొచ్చింది. గది గుమ్మంలో నిలబడి ఉన్న నన్ను చూసి, "ఈడేం చేస్తాండావక్కా? స్టేజీ మీదికి రా! పెండ్లికొడుకు పెద్దమ్మ పూలమాల ఇయ్యాల కదా!" అంది.

పెళ్ళికూతురి తల్లి ముఖం చూడాల్సిందే. "ఈమె... సిస్టర్ కదా?"

"అవును, సిస్టరే. నాకు సొంత సిస్టర్," అంది మా చెల్లెలు, ఏమీ తెలియక.

ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు పడ్డ బాధ చెప్పలేను. డ్రైవర్లతో అన్నం పెట్టిస్తామన్న మాటని కడగడానికి నా ఆకులో మూడుసార్లు మటన్ వడ్డించారు. తాంబూలానికి బదులు ఒక పట్టుచీర తెచ్చి చేతుల్లో పెట్టారు. నేరేడుపండు రంగు, చిలకపచ్చ అంచు, అంచు నిండా నెమళ్ళు. బట్టల గురించి ఎప్పుడూ మాటకి తడుముకోని మా పిల్ల దాన్ని చూసి, "ఇది... చాలా ధైర్యమైన చీర పెద్దమ్మా" అంది.

తిరుగు బస్సులో మా అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు పలమనేరు దాటింది. తర్వాత బయటికి చూస్తూనే అంది.

"టెన్త్ అయినాక నీకోసరం నర్సింగు ఫారం తెచ్చి పెట్టింటి. మా డాక్టరమ్మ సంతకం కూడా పెట్టిచ్చింటి."

"నాకి తెలీదే."

"నువ్వు అప్పుటికే టైపు నేర్సుకునేదానికి పోతాంటివి. సెప్పలేదు." నా చొక్కా చెయ్యి సర్దుతూ, "ఈ దినం బాగా చేస్తివి లే. కాళ్ళు ఎత్తి పెట్టమంటే ఎంటనే పెడితివి" అంది.

ఆఫీసులో పాతికేళ్ళలో నాకెవరూ అట్లాంటి సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆమె చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికే నా భుజం మీద నిద్రపోయింది. పుంగనూరులో బ్రేకు పడితే లేచి, "దిగాల్నా సిస్టర్?" అని నవ్వి మళ్ళీ పడుకుంది.

సంచీని చిత్తూరు బస్సు కండక్టరు దాచి ఉంచాడు. మూడో రోజు మా ఆయన పోయి తెచ్చాడు. పిల్ల బెంగళూరు పోయే రోజు 'ఇల్లు తుడిచేవి' కుప్పలోంచి మా అమ్మవి పాత వాయిల్ చీరలు నాలుగు బయటికి లాగింది. వాటితో చొక్కాలు కుట్టించుకుంటుందట. అది వింటేజ్ అట. ఏడు బట్టలతో వచ్చిన పిల్ల పదకొండుతో పోయింది. కుప్పం నుంచి ముసలామె ఫోను చేసి కొలతలు చెప్పింది. రెండు జేబులూ లోతుగా ఉండాలట, ఒకటి మాత్రలకి, ఒకటి ఫోనుకి. పుంగనూరులో మా ఆఫీసు పక్క టైలరు దగ్గర మూడు జతలు కుట్టించి పంపాను. కోడలు మాత్రం ఇప్పటికీ నాతో ముభావంగానే మాట్లాడుతుంది, అత్తని చెడగొట్టానని.

నెమళ్ళ చీర ఏం చెయ్యాలో తోచలేదు. ఇంకొకరికి పెట్టేద్దామంటే, ఎవరికి పెడితే వాళ్ళతో చుట్టరికం చెడుతుంది. ఒక రోజు పొద్దున బస్సుకి టైమవుతుంటే చేతికి అదే తగిలింది. దానిమీదికి పొట్టి చేతుల కాటన్ జాకెట్టు వేసి, పిన్నుల్లేకుండా చుట్టుకుని పోయాను. ఆఫీసులో అడుగు పెట్టగానే ఫ్యాను కింద ఉన్న వాళ్ళందరూ లేచారు.

"ఏం మేడం, ఈ రోజు ఏం స్పెషల్?"

"మంగళవారం," అన్నాను.

వాళ్ళు నమ్మలేదు. పట్టుచీర ఊరికే ఎవరు కడతారు? పది నిమిషాలు గుసగుసలాడుకున్నారు. మధ్యాహ్నానికి అటెండరు ఒక కేకు పట్టుకొచ్చాడు. పైన క్రీముతో నా పేరు, అందులో ఒక అక్షరం తప్పు. మా సూపరింటెండెంటుగారు చప్పట్లు మొదలుపెట్టారు. నా పుట్టినరోజు నవంబరులో. చెబుదామని నోరు తెరిచాను. అందరూ పాడుతున్నారు, సమోసాలు కూడా వచ్చాయి, మా జూనియర్ అసిస్టెంటు తన కుర్చీ ఫ్యాను కిందినుంచి జరిపి నన్ను అక్కడ కూర్చోబెట్టింది. నేను కత్తి తీసుకున్నాను.